బోర్డు పోయిందంటున్నారు: ఆరేళ్ల డిష్‌వాషర్‌ను బాగు చేయించాలా, వదిలేయాలా?

కాలువగట్టు (భీమవరం దగ్గర పల్లె)

అందరికీ నమస్కారం. ఆరేళ్ల క్రితం పదమూడు ప్లేస్ సెట్టింగుల (అంటే ఒకేసారి పదమూడు మంది తిన్న గిన్నెలు పట్టే) డిష్‌వాషర్ ఒకటి కొన్నాము. ఇంట్లో ఏడుగురం ఉంటాము కాబట్టి రోజుకు ఒకసారి, చుట్టాలు వస్తే రెండుసార్లు వేస్తాము. ఇన్నేళ్లూ అది మమ్మల్ని ఏమీ ఇబ్బంది పెట్టలేదు గానీ, ఈ ఏప్రిల్ నుంచి రెండు సమస్యలు వచ్చాయి.

మొదటిది, గాజు గ్లాసుల మీదా స్టీలు కంచాల మీదా సున్నం నీళ్లు ఆరిపోయినట్టు తెల్లటి పొర కడుతోంది. రెండవది, పది రోజులుగా మెషీను మధ్యలో ఆగిపోయి, అడుగున నాలుగు వేళ్ల లోతు మురికినీరు నిలిచిపోతోంది. పక్క పట్నం నుంచి వచ్చిన మెకానిక్ పావుగంట చూసి, మెషీనును నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు పోయిందని, మార్చడానికి 14,500 రూపాయలు అవుతుందని, ఎలాగూ పాతది కాబట్టి కొత్తది తీసుకోవడమే మేలని చెప్పాడు. అడుగున ఉన్న ఫిల్టరును కూడా అతను బయటకు తీయలేదు. అదే పరిమాణంలో కొత్తది 42,000 దాకా చెబుతున్నారు.

అవసరమవుతుందేమోనని ఇంకొక సంగతి కూడా రాస్తున్నాను. కాలువలకు నీరు కట్టేశాక పంచాయతీ కుళాయి రెండు రోజులకొకసారి వస్తుండడంతో, ఏప్రిల్ నుంచి మేడ మీది ట్యాంకుకు బోరు నీళ్లే ఎక్కిస్తున్నాము. మెషీనులో వేసే ఉప్పు నిండుకున్నప్పుడు మా అమ్మగారు ఆవకాయకు తెచ్చిన కల్లుప్పు అందులో పోశారు. తప్పు ఎక్కడ జరిగిందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

లంకతోట (అమలాపురం)

నేను నీటి పరీక్షల పనిలో చాలా ఏళ్లు గడిపి రిటైరైనవాడిని. మీ రెండు సమస్యలకూ ఒకదానితో ఒకదానికి సంబంధం ఉండనక్కర లేదు కాబట్టి విడివిడిగా చూడండి. నీరు బయటకు పోకపోవడం గురించి మెషీన్లు విప్పేవారు చెబితే బాగుంటుంది. తెల్లపొర గురించి మాత్రం నేను చెప్పగలను.

పొర కట్టిన గ్లాసును ఒక పక్క తడి వేలితో, ఇంకొక పక్క నిమ్మచెక్కతో రుద్దండి. ఉత్త నీటికే పోయి నాలుకకు ఉప్పగా తగిలితే అది నీటిలోని ఉప్పు. నిమ్మరసానికి మాత్రమే పోతే అది కాల్షియం, మెగ్నీషియం కట్టిన గార. రెండింటికీ పోకపోతే గాజు పైభాగమే అరిగి మసకబారిందన్నమాట. దానిని ఏ మందూ తిరిగి తీసుకురాలేదు.

మెషీను అడుగున ఉప్పు పోసే గది పక్కన రెజిన్ పూసలు ఉంటాయి. అవి నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకొని, వాటికి బదులు సోడియంను వదులుతాయి. పూసలు నిండిపోయినప్పుడు మీరు పోసిన ఉప్పునీటితో మెషీను వాటిని కడిగి మళ్లీ సిద్ధం చేసుకుంటుంది. అంటే సాఫ్ట్‌నర్ అనే ఈ ఏర్పాటు నీటి కఠినత్వాన్ని, అంటే ఆ కాల్షియం, మెగ్నీషియంలను తగ్గిస్తుందే తప్ప నీటిలోని ఉప్పదనాన్ని తగ్గించదు. నీటిలో కరిగిన మొత్తం లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూపించి మెషీను పనిచేయడం లేదని చెప్పేవారు ఈ తేడాను గమనించరు. సాఫ్ట్‌నర్ ముందూ వెనుకా ఆ మీటరు దాదాపు ఒకే అంకెను చూపిస్తుంది.

మన డెల్టాలో, అందులోనూ సముద్రానికి దగ్గరగా, బోరు నీరు చాలా చోట్ల ఉప్పన. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినది మొదలు మన ఊళ్లు కాలువ నీటికి అలవాటుపడ్డాయి. కాలువలు కట్టేసే ముందు మంచినీటి చెరువులు నింపుకోవడం అందుకే. తాగునీటికి భారతీయ ప్రమాణం మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు ఉండాలని, వేరే దారి లేనప్పుడు 600 వరకు ఫర్వాలేదని చెబుతుంది. మీ బోరు నీటిని ఒకసారి పరీక్ష చేయించి, ఆ అంకెను బట్టి మెషీనులోని కఠినత్వపు సెట్టింగును పెంచండి. కాలువ నీటికి పెట్టిన సెట్టింగు మీదే బోరు నీళ్లు పంపిస్తే పూసలు త్వరగా నిండిపోతాయి, మెషీను మాత్రం వాటిని కడగవలసిన సమయం ఇంకా రాలేదని అనుకుంటుంది.

కల్లుప్పు విషయంలో అమ్మగారిని తప్పుపట్టనక్కర లేదు, చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి. అయితే సముద్రపు ఉప్పులో మట్టితో పాటు మెగ్నీషియం, కాల్షియం లవణాలు కూడా ఉంటాయి. ఏ లవణాలను తీసేయాలని చూస్తున్నామో వాటినే మళ్లీ లోపల పోసినట్టవుతుంది. వంటింటి పొడి ఉప్పు కూడా వద్దు, అది గడ్డకట్టకుండా కలిపే పదార్థాలు పూసల మధ్య చేరుతాయి. ఆ గదిలోని ఉప్పునీటిని చిన్న కప్పుతో తోడేసి, మంచినీటితో రెండు మూడుసార్లు నింపి తోడి, డిష్‌వాషర్ ఉప్పు పోసి, మూత గట్టిగా బిగించండి. బయట ఒలికిన ఉప్పు స్టీలును తినేస్తుంది కాబట్టి, నీరు బయటకు పోవడం బాగుపడ్డాక ఉప్పు పోసిన ప్రతిసారీ వెంటనే ఒక వాష్ వేయాలి.

స్క్రూడ్రైవరు (రాజమహేంద్రవరం)

ఈ మెషీన్లు బాగుచేయడమే నా వృత్తి. ఫిల్టరు తీసి చూడకుండా బోర్డు పోయిందన్న మాటను నేను నమ్మను. బోర్డు పోతే సాధారణంగా లైట్లే వెలగవు, లేదా మెషీను మొదలే కాదు, లేదా బోర్డు మీద కాలిన మచ్చ కనబడుతుంది. మీ మెషీను నీరు తీసుకుంటోంది, కడుగుతోంది, నీరు బయటకు తోయవలసిన చోట ఆగుతోంది. అనుమానం మొదట పంపు మీదకే వెళ్లాలి.

ముందుగా స్విచ్ ఆపడమే కాదు, ప్లగ్గును సాకెట్టు నుంచి బయటకు తీయండి. నిలిచిన నీటిని గ్లాసుతో తోడి, మిగిలినది స్పాంజితో పీల్చేయండి. గుండ్రటి ఫిల్టరును తిప్పి పైకి లాగి, దాని కింద ఉన్న వల పళ్లేన్ని కూడా తీయండి. ఆ గుంటలో ఒక పక్కన, నీటిని బయటకు తోసే డ్రెయిన్ పంపు మీద చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది. చాలా మోడళ్లలో దానిని చెంచా కాడతో పైకి లేపితే వచ్చేస్తుంది. లోపల కనబడే చిన్న ఫ్యానును వేలితో కాకుండా పుల్లతో తిప్పండి, ఎందుకంటే అక్కడ ఎక్కువగా దొరికేది పగిలిన గాజుముక్క. ఫ్యాను మంచిదైతే జారుడుగా తిరగదు. లోపల అయస్కాంతం ఉండడం వల్ల ఆగి ఆగి, గుంజుకుంటూ తిరుగుతుంది. ఆ గుంజుడును చాలామంది లోపమనుకొని మంచి పంపును పారేస్తారు. అసలు కదలకపోతేనే ఏదో ఇరుక్కుందని అర్థం.

అక్కడేమీ లేకపోతే, నీరు బయటకు పోయే గొట్టం మెషీను వెనుక నలిగిందేమో చూడండి. కోతల తర్వాత చేలలోంచి ఇళ్లలోకి వచ్చే ఎలుకలు ఆ గొట్టాన్ని కొరకడం మన వైపు మామూలే. ఆ తర్వాత కూడా నీరు పోకపోతే మెషీను నీరు తోసే సమయంలో చెవి ఆనించండి. హమ్మని మూలుగుతూ నీరు కదలకపోతే అడ్డు ఉన్నట్టు. ఏ శబ్దమూ లేకపోతే పంపు లోపలి తీగచుట్ట (కాయిల్) తెగి ఉండాలి, లేదా దానికి కరెంటు అందకపోయి ఉండాలి. ఆ సమయంలో పంపు దగ్గర మీటరు పెట్టి, కరెంటు రావడం లేదని, వైరు బాగానే ఉందని తేల్చుకున్నాకే ఎవరైనా బోర్డు మాట ఎత్తాలి. ఆ పరీక్ష మాత్రం మీరు చేయవద్దు, నీరున్న చోట 230 వోల్టులతో పని.

బాగు చేయించాలా వద్దా అన్న ప్రశ్నకు నా పద్ధతి ఇది. డ్రెయిన్ పంపు, నీరు వచ్చే వాల్వు, తలుపు స్ప్రింగు వంటివి పోతే మెషీను వయసు చూడకుండా మార్పిస్తాను. నీళ్లు చిమ్మే పెద్ద మోటారు గానీ బోర్డు గానీ నిజంగా పోతే, ఖర్చు కొత్తదాని ధరలో మూడో వంతు దాటకుండా, లోపలి స్టీలు తొట్టె శుభ్రంగా ఉంటేనే ముందుకు వెళ్లమంటాను. తొట్టె తుప్పుపట్టి చిల్లిపడితే ఏ భాగం మార్చినా దండగ. మీకు చెప్పిన 14,500 కొత్తదాని ధరలో సరిగ్గా ఆ మూడో వంతు దగ్గరే ఉంది. కాబట్టి రోగం తేలకుండా అంత పెట్టకండి, తేలితే మాత్రం పాత బోర్డును మీ చేతికి ఇమ్మని అడగండి.

గట్టుమీద ఇల్లు (రాజోలు వైపు)

ఇద్దరు పెద్దలూ చెప్పిన దానికి నా అనుభవం కొంత జోడిస్తాను. మా మెషీను తొమ్మిదేళ్లు పనిచేసి పోయింది. చివరి మూడేళ్లలో రెండుసార్లు బాగు చేయించాను, రెండోసారి చేయించకుండా ఉండవలసిందని ఇప్పుడు అనిపిస్తోంది. బోరు నీటి ఉప్పుకు తొట్టె మూలల్లో సూదిపోటు లాంటి తుప్పు చుక్కలు అప్పటికే కనబడుతున్నాయి. వాటిని చూసి కూడా హీటరు మార్పించాను. ఐదు నెలలకు అడుగు నుంచి కారింది. అందుకే డబ్బు పెట్టే ముందు టార్చి లైటు వేసి తొట్టె మూలలను, తలుపు కింది అంచును చూడమని చెబుతున్నాను.

కొత్త మెషీనుకు మేము బోరు నీళ్లు ఇవ్వడం మానేశాము. ఒక వాష్‌కు పట్టేది పది పన్నెండు లీటర్లు, అంటే ఒక బిందె. అంత మాత్రానికి పంచాయతీ నీరు వచ్చిన రోజున ఒక డ్రమ్ము నింపి పెట్టుకోవడం కష్టం కాదు. నేల మీది డ్రమ్ము నుంచి నీరు ఎక్కదు కాబట్టి చిన్న పంపు పెట్టించాము. పది మీటర్ల ఎత్తున నీరు ఉంటే గానీ ఒక బార్ ఒత్తిడి రాదని, మా మెషీనుకు కనీసం అందులో సగమైనా కావాలని ప్లంబరు చెప్పాడు. ఇక వరద రోజుల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు నీరు వచ్చే గొట్టం మొదట్లో ఉండే చిన్న వలలో ఒండ్రు చేరుతుంది. ఆ రెండు నెలలూ దానిని వారానికొకసారి కడుగుతాను.

నీళ్లు చిమ్మే రెక్కల కన్నాలు శుభ్రం చేయడానికి కొబ్బరి ఈనెను మించిన పనిముట్టు లేదు. గారకు నెలకొకసారి ఖాళీ మెషీనులో నిమ్మ ఉప్పు వేసి, సబ్బు లేకుండా వేడి ప్రోగ్రాం నడుపుతాను. దానితో పాటు బ్లీచింగు మాత్రం ఎన్నడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. ఇత్తడి బిందెలు, అల్యూమినియం గిన్నెలు, ఇనుప పెనం లోపల పెట్టకండి. అత్తగారి ఇత్తడి గుండిగ నల్లబడిన రోజున మా ఇంట్లో జరిగిన గొడవ గురించి ఇక్కడ రాయను.

కాలువగట్టు (భీమవరం దగ్గర పల్లె)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ప్లగ్గు తీసి, రాజమహేంద్రవరం వారు చెప్పిన వరుసలోనే విప్పాను. పంపు మూత లేపగానే ఫ్యాను చుట్టూ జనపనార తాడులా ఏదో బిగుసుకొని కనబడింది. పట్టకారుతో లాగితే జానెడు పొడవున వచ్చింది: నమిలి పారేసిన ములక్కాడల పీచు, దానిలో చిక్కుకున్న ఒక చేప ముల్లు, సగం చింతగింజ. అవి తీశాక ఫ్యాను ఆగి ఆగి గుంజుకుంటూ తిరిగింది. ఆ మాట ముందే చదవకపోతే అదే లోపమనుకొని ఉండేవాడిని. రాత్రి వేసిన వాష్ చివరిదాకా నడిచి, అడుగున చుక్క నీరు మిగలలేదు. ఫిల్టరు సరిగ్గా బిగించకపోవడం వల్లే ఆ పీచు కిందకు జారిందని నా అనుమానం, ఎందుకంటే తీసేటప్పుడు అది తిప్పకుండానే ఊడి వచ్చింది.

నిమ్మచెక్క పరీక్ష కూడా చేశాను. కంచాల మీది పొర చాలావరకు పోయింది. రెండు పాత గ్లాసులు మాత్రం మసకగానే ఉన్నాయి, వాటిని మజ్జిగకు వాడుకుంటాము. టార్చి వేసి చూస్తే తొట్టె మూలల్లో తుప్పు లేదు. కల్లుప్పు తోడేసి సరైన ఉప్పు పోశాను. బోరు నీటి పరీక్ష ఫలితం వచ్చాక సెట్టింగు మార్చి, కాలువలు వదిలేదాకా డ్రమ్ము పద్ధతినే పాటిస్తాము. బోర్డు అక్కరలేదని మెకానిక్‌కు ఫోను చేసి చెప్పాను. చూసినందుకు 450 రూపాయలు అతను ఆ రోజే తీసుకున్నాడు.