చిగురు దగ్గర ఫిల్లింగే ఎందుకు ఊడుతుంది?

రేపల్లె పిల్ల: మా అమ్మకి కోరపన్ను మొదట్లో, చిగురును ఆనుకుని పంటి రంగు ఫిల్లింగ్ పెట్టించాం. మొన్న ఇడ్లీ తింటుంటే ఊడి చేతిలోకొచ్చింది. అదే డాక్టర్ గారు విరిగిన ముందుపన్ను అంచుకు పెట్టింది మాత్రం ఏళ్లుగా కదల్లేదు. రెండింటికీ మందు ఒకటే కదండీ?

ఖమ్మం పళ్ల డాక్టర్: మందు ఒకటే, అతికే చోటు వేరండీ. ముందుపంటి అంచున పట్టంతా ఎనామిల్ మీదే, అంటే పంటి గట్టి పైపొర మీదే. 1955లో బ్యూనోకోర్ అనే పళ్ల డాక్టర్ ఫాస్ఫారిక్ యాసిడ్‌తో ఎనామిల్‌ని గరుకు చేస్తే పట్టు పెరుగుతుందని చూపించాడు, ఇప్పటికీ అదే దారి. చిగురు దగ్గర ఎక్కువగా ఉండేది డెంటిన్, ఎనామిల్ కింద ఉండే లోపొర. తడి, సన్నటి గొట్టాలు, కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు. ఫిల్లింగ్‌ని అతికించే జిగురు పూర్తిగా ఇంకని పోగుల్ని పంటిలో ఉండే ఎంజైములే మెల్లగా తినేస్తాయి. నీరు చేరి జిగురూ నానుతుంది. పెట్టిన రోజు ఇవేవీ తెలియవు.

రేపల్లె పిల్ల: మళ్లీ పెట్టిస్తే ఏ బ్రాండ్ అడగమంటారు?

ఖమ్మం పళ్ల డాక్టర్: బ్రాండ్ గొడవ వదిలేయండి. నేనైతే ఎమ్‌డీపీ (పంటి కాల్షియంతో అతుక్కునే రసాయనం) ఉన్న సెల్ఫ్ ఎచ్ జిగురు, అంటే పంటిని తనే గరుకు చేసుకునే జిగురు వాడి, యాసిడ్ ఎనామిల్ అంచుకే పూస్తాను. జిగురు గట్టిపడేందుకు లైట్ పెట్టేముందు, అందులోని సాల్వెంట్ (కరిగించే ద్రవం) గాలితో బాగా ఆరాలి, చాలామంది తొందరపడేది అక్కడే. ఉమ్ము, చిగురు రక్తం తగిలాయా, ఎంత ఖరీదైన జిగురైనా దండగే.

విజయవాడ విద్యార్థి: గ్లాస్ అయానమర్ అనే ఇంకో రకం ఫిల్లింగ్ కూడా అడగండి. పంటి కాల్షియంతో నేరుగా అతుక్కుంటుంది. మెరుపు తక్కువ, పట్టు ఎక్కువ.