బీపీ ఉన్నవారు రాత్రి రెండు పెగ్గులు తాగితే గుండెకు ముప్పేనా?

కొర్లగుంట వాసి:
మా బావగారు ఆరేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నారు. రాత్రి 60 మిల్లీలీటర్ల విస్కీ మాత్రం తప్పదు. తాగాక బీపీ తగ్గుతుందని ఆయన వాదన. నిన్న మిషను పెట్టి చూస్తే నిజంగానే తగ్గింది. ఏమని చెప్పాలి?

మిట్టూరు, చిత్తూరు:
మితంగా తాగితే గుండెకు మంచిదని ఒకప్పుడు డాక్టర్లే అన్నారు. ముందు ఊరగాయ మాన్పించండి.

అలిపిరి నడక:
మిట్టూరు గారూ, ఉప్పు సంగతి నిజమే. మితంగా తాగితే మంచిదన్న మాట మాత్రం పాతబడింది. ఆ పాత లెక్కల్లో జబ్బుపడి మద్యం మానేసినవారిని కూడా తాగనివారి కింద కలిపేశారు. సురక్షితమైన మోతాదంటూ లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

తాగిన కొన్ని గంటలు రక్తనాళాలు సడలి బీపీ దిగుతుంది, తెల్లవారేసరికి మళ్లీ ఎక్కుతుంది. పొద్దున మాత్రకు ముందు చూడండి.

నా భయం గుండె కండరం గురించి. బీపీ ఉంటే ఎడమ జఠరిక, అంటే ఒంటికంతా రక్తం పంపే గుండె గది, ఎప్పుడూ ఎదురొత్తిడి మీదే రక్తాన్ని నెట్టాలి. దాని గోడ దళసరెక్కి బిరుసవుతుంది. మద్యం, దాని నుంచి పుట్టే ఎసిటాల్డిహైడ్ ఆ కండరాన్నే నీరసపరుస్తాయి. ఏళ్ల తరబడి అతిగా తాగితే గది సాగిపోతుంది. మిషను ఇవేవీ చూపదు.

మా అన్నయ్య ఏటా 3,550 మెట్లూ ఎక్కి తిరుమల కొండకు వెళ్లేవాడు. ఓ ఏడాది గాలిగోపురం చేరకముందే ఆయాసంతో కూలబడ్డాడు. నీరు చేరి వాచిన పాదం మీద వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. ఎకోలో, అంటే గుండె స్కానింగులో, పంపింగ్ 35 శాతం. గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకు బయటికి నెట్టేది అంతే. మామూలుగా 55కు పైన ఉండాలి. బీపీ ఉండి కూడా రోజూ క్వార్టరు (180 మిల్లీలీటర్లు) తాగేవాడు. అంటే సుమారు 60 గ్రాముల ఆల్కహాలు. పూర్తిగా మానేసి మందులు వాడితే ఏడాదికి 48కి వచ్చింది.

మిట్టూరు, చిత్తూరు:
మీ అన్నయ్య సంగతి బాధాకరమే. కానీ క్వార్టరునూ రెండు పెగ్గులనూ ఒకే గాటన కట్టకండి.

అలిపిరి నడక:
ఒప్పుకుంటాను. 60 మిల్లీలీటర్లలో ఉండేది 20 గ్రాములే, దానితోనే అందరి గుండే సాగిపోదు. కానీ ఆరేళ్ల బీపీతో ఆ గోడ ఇప్పటికే ఎలా ఉందో బావగారికి తెలుసా? ఒకసారి ఎకో తీయించండి.

కొర్లగుంట వాసి:
ఈ ఉదయం మాత్రకు ముందు చూశాం. 152/96. బావగారు చాలాసేపు ఆ అంకెనే చూస్తూ కూర్చున్నారు. శనివారం ఎకోకు వస్తానన్నారు.