బైపాస్ తర్వాత నాయనకు ధైర్యం ఎట్లా?

ప్రశ్న (కడప): నాయనకు గుండె బైపాస్ ఆపరేషన్ అయి 3 వారాలు. గాయం మానుతోంది గానీ మనిషి డీలా పడినాడు. దేవుని కడప గుడికి పోవాలంటాడు, ఉపవాసముంటానంటాడు. ఏం చేయాల?

జవాబు: అన్నా, బైపాస్ తర్వాత ఈ దిగులు చాలామందికి వస్తుంది, పిరికితనం కాదు. దిగులు మొదలై 2 వారాలకూ తగ్గకపోయినా, నిద్ర, ఆకలి పోయినా డాక్టరుకు చెప్పండి. నడకతోనే నమ్మకం మొదలు: పూటకు 5 నిమిషాలు, రోజూ ఒకట్రెండు నిమిషాలు పెంచండి. మాట్లాడుతూ నడవగలగాల. ఆయాసమొస్తే ఆపేయాల.

ఇంకో జవాబు: దర్శనం మాన్పించొద్దు, మనసుకు అదే మందు. రద్దీ లేని పూట తీసుకుపోండి. సాష్టాంగం మాత్రం వద్దు. రొమ్ము ఎముక అతుక్కోవడానికి 6 నుంచి 12 వారాలు. చేతుల మీద బరువు పడితే అది కదలొచ్చు. నిలబడి దండం చాలు. షుగర్ మాత్రలుంటే ఉపవాసం అసలొద్దు, చక్కెర పడిపోవచ్చు.

మరొకరు: కొండ మీదుండే ఎగువ అహోబిలం గుడికి మొక్కుంటే 3 నెలలు పోనీండి, డాక్టరు సరేనంటేనే.