అప్‌డేట్: గిన్నీ కోళ్లు పొడుచుకోవడం – కారణం దొరికింది

బెంగళూరులో యలహంక దగ్గర మా పెరట్లోని గిన్నీ కోళ్లలో ఒకదానికి వీపు మీద ఈకలు ఊడి రక్తం కారుతోందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్సండీ.

ముంగిస కాదు, పేలూ కాదు. మేతలోనూ లోపం లేదు. హెబ్బాళ వెటర్నరీ కాలేజీలో చూపిస్తే తోటి పక్షులు పొడిచిన గాయాలే అన్నారు. "అరుపు వినండి, పుంజులు ఎక్కువున్నాయేమో" అని ఇక్కడొకరు అన్నదే అసలు సంగతి. పెట్ట "బక్-వీట్, బక్-వీట్" అని రెండు ముక్కలుగా అరుస్తుంది. ఒక్కోసారి పుంజులా ఒంటి ముక్క కూతా కూస్తుంది, అక్కడే తికమక. పుంజుకి మాత్రం ఆ రెండు ముక్కల కూత రాదు. ఓపిగ్గా వింటే ఆరింట్లో నాలుగు పుంజులే! అసలే గుడ్ల కాలం, ఇక కొట్టుకోక ఏం చేస్తాయి?

గాయం ఉప్పునీళ్లతో కడిగి బెటాడిన్ రాశాం. దెబ్బతిన్నదాన్ని అదే షెడ్డులో మెష్ అవతల ఉంచాం. పూర్తిగా దూరం చేస్తే తిరిగొచ్చాక కొత్తదనుకుని మళ్లీ తరుముతాయి. రెండు పుంజుల్ని హోసకోటె వైపు తోట ఉన్న మా బావగారికిచ్చేశాం. ఇప్పుడు కాస్త తరుముకోవడమే తప్ప రక్తం లేదు, వీపు మీద ముళ్లలా కొత్త ఈకలొస్తున్నాయి. పొడవకుండా ముక్కు కొన కత్తిరించే పని పడలేదు. గోల మాత్రం అలాగే ఉంది.