హంపు (వెడల్పాటి స్పీడ్ బ్రేకర్) అంచున వదిలిన ఖాళీలోంచి బైకులు దూసుకెళ్లకుండా ఏం చేయాలి?

ఇళ్ల మధ్య 400 మీటర్ల తిన్నని వీధి, వెడల్పు 6 మీటర్లు. వేగ పరిమితి గంటకు 30 కిలోమీటర్లు. కొలిస్తే నూటికి 85 బళ్లు 46 లోపు, మిగతావి అంతకు పైనే. 3.7 మీటర్ల పొడవు, 7.5 సెంటీమీటర్ల ఎత్తుతో గుండ్రటి హంపులు నాలుగు, 90 మీటర్లకొకటి అనుకుంటున్నాం. దూరం ఇంకా పెరిగితే మధ్యలో మళ్లీ వేగం అందుకుంటారు, బ్రేకుల మోత ఇళ్లవాళ్లకి. ఇరుకు బంపులు వద్దే వద్దు, టూవీలర్లు పడిపోతాయి.

చిక్కల్లా అంచు దగ్గరే. వాన నీరు పోవడానికి 30 సెంటీమీటర్లు వదిలితే బైకులు అందులోంచే, నడిచేవాళ్లను రాసుకుంటూ పోతాయి. మూసేస్తే నీళ్లు నిలిచి తారు లేచిపోతుంది. అక్కడ పోల్ పాతాలా, హంపు కింద పైపు వేయాలా? పైపు చెత్తతో పూడుకుపోతోందా? వేసినవాళ్లు చెప్పండి.

ఇంకొకటి: రద్దీ పక్క వీధికి మళ్లితే, కూడలిలో బళ్లు నేరుగా పోకుండా మూల నుంచి మూలకు ఐమూలగా కట్టే అడ్డుకట్ట పనిచేసిందా? ఫైరింజన్‌కి దారెలా వదిలారు?