చలికి ముందు ఇల్లు సిద్ధం చేయడం: హీటర్ కొనాలా, సందులు మూయాలా?

ప్రశ్న (పాపమ్మ)
పాత ఇంట్లో అద్దెకు దిగాం. చెక్క కిటికీలు, రెక్కలు సరిగ్గా పడవు. రాత్రయితే పడకగదిలో ఎక్కణ్ణుంచో సన్నగా గాలి కొడుతుంది. ఏడాది నిండని పాప, మా అత్తగారు ఉన్నారు. మా ఆయన పెద్ద హీటర్ కొనేద్దాం అంటున్నారు. నాకేమో ముందు ఈ గాలి సంగతి చూడాలని ఉంది. గోడలు ముట్టుకుంటే ఓనరు ఊరుకోరు. ఎక్కడ మొదలుపెట్టను?

జవాబు (ఉలి-సుత్తి)
మీ మాటే కరెక్టమ్మా. తలుపులూ కిటికీలూ బిగించడమే నా పని, అందుకే చెబుతున్నా. సందులుండగా హీటర్ పెడితే వీధిని వెచ్చబెట్టడానికి కరెంటు బిల్లు కట్టినట్టే.

అందరూ కిటికీలతో మొదలెడతారు. నేనైతే వీధి తలుపు అడుగు, అటక మూత చూస్తాను. వెచ్చటి గాలి పైకి పోయి పైసందుల్లోంచి జారుకుంటుంది. పోయినంత గాలినీ ఇల్లు కిందినుంచి లాక్కుంటుంది. మీకు కాళ్ల దగ్గర చల్లగా కొట్టేది చాలావరకు అదే. తలుపు కింద బ్రష్ పట్టీ కొట్టించండి, అటక మూత అంచుకు ఫోమ్ టేపు వేయండి.

తర్వాత కిటికీలు. గాలి వీచే సాయంత్రం అన్నీ మూసి, టిష్యూ కాగితం ముక్కను ఫ్రేము పొడుగునా నడిపించండి. కాగితం ఊగినచోట పెన్సిల్ గుర్తు పెట్టుకోండి. అద్దం టకటకలాడుతుంటే లప్పం ఊడిందని అర్థం, కొత్తది పెట్టాలి. రెక్క ఆనేచోట ఫోమ్ టేపు. అంటించేముందు చెక్కను తుడిచి పూర్తిగా ఆరనివ్వండి, తడి మీద అంటిస్తే వారంలో వేలాడుతుంది. సింకు కింద పైపు గోడలోకి పోయే కన్నం కూడా చూడండి, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నా. ఇంట్లో గ్యాసుతోనో బొగ్గుతోనో మండేది ఏదున్నా దాని గాలి దారి మూయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు (అలా మండేటప్పుడు పుట్టే విషవాయువు) రంగూ వాసనా ఉండవు. దాన్ని పసిగట్టే అలారం ఒకటి పెట్టించండి.

జవాబు (తడిగోడ)
పైన ఆయన చెప్పినవన్నీ చేశాక ఇంకో తంటా మొదలవుతుందండీ: చెమ్మ. వంట ఆవిరి, ఊపిరి, లోపల ఆరేసిన బట్టలు, ఇదంతా బయటికి పోదు. గదిలో 20 డిగ్రీలు, తేమ 60 శాతం ఉంటే 12 డిగ్రీలకు చల్లబడిన అద్దం మీద నీళ్లు పడతాయి. ఆ తర్వాత బూజే. రోజూ ఓ పది నిమిషాలు ఎదురెదురు కిటికీలు బార్లా తెరవండి. గాలి మారుతుంది, గోడల వేడి అంత త్వరగా పోదు. బయటిగోడకు బీరువా ఆనించకండి, వెనక గాలి ఆడాలి.

జవాబు (కుళాయి)
మీ దగ్గర నీళ్లు గడ్డకట్టేంత చలి ఉంటే బయటి కుళాయి లైను కట్టేసి, పైపు ఖాళీ చేయండి. గడ్డకడితే నీరు 9 శాతం దాకా ఉబ్బుతుంది. పైపు చలిలో పగులుతుంది, మనకు తెలిసేది మంచు కరిగాకే.

పాపమ్మ
అందరికీ థాంక్సండీ. మరి హీటర్ అసలు వద్దా? టేపు ఎంత మందం తేవాలి?

ఉలి-సుత్తి
వద్దనలేదమ్మా, తర్వాత అన్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చలిదేశాల ఇళ్లకు కనీసం 18 డిగ్రీలు ఉండాలంటుంది, చంటిపిల్లలకూ పెద్దవాళ్లకూ ఇంకాస్త ఎక్కువే కావాలి. సందులు మూశాక చిన్న హీటరే సరిపోవచ్చు. నూనె నింపినదైతే చప్పుడు చేయదు. గోడ సాకెట్‌కే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు వద్దు. పరదాలకూ పాప మంచానికీ కనీసం మీటరు ఎడం.

టేపు మందానికి అంచనాలు వేయకండి. పిల్లలాడుకునే మట్టిముద్దను పల్చటి ప్లాస్టిక్‌లో చుట్టి, రెక్కకూ ఫ్రేముకూ మధ్య పెట్టి గడియ వేయండి. తీశాక ముద్ద ఎంత మందం మిగిలిందో అదీ మీ సందు. దానికంటే కొంచెం ఎక్కువ మందం టేపు తీసుకోండి. మరీ మందమైతే గడియ పడదు. ఒకే కిటికీకి పైనా కిందా తేడా ఉంటుంది, రెండుచోట్లా చూడండి.