ఇంగ్లీష్ గ్రామర్ మొదట్నుంచి నేర్చుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టను?

పల్నాటి_పిల్లోడు: పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు ఆఫీసులో రోజూ మెయిల్స్ రాయాలి. ముందు టెన్సులా, ఆర్టికల్సా, కామాలూ ఫుల్‌స్టాపులా? తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారి_గాలి: టెన్సులే తమ్ముడూ. ఇంటర్వ్యూలో "ఐ యామ్ వర్కింగ్ సిన్స్ త్రీ ఇయర్స్" అన్నాను. "హ్యావ్ బీన్ వర్కింగ్ ఫర్ త్రీ ఇయర్స్" అని ఎదుటాయన దిద్దాడు. ఇక గొంతు పెగల్లేదు. "మూడేళ్ల నుంచి" అంటాం కదా, ఆ "నుంచి"ని సిన్స్ చేసేస్తాం. ఎంతకాలమో చెబితే ఫర్, ఎప్పట్నుంచో చెబితే సిన్స్. బళ్లో ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్పుంటే!

టీచరమ్మ: 22 ఏళ్లుగా హైస్కూల్లో ఇంగ్లీష్ చెబుతున్నాను. ఎ, యాన్‌లకు నా చిట్కా వినండి. మాటను తెలుగులో రాసుకోండి. అచ్చుతో మొదలైతే యాన్, హల్లుతో మొదలైతే ఎ. యాన్ అవర్, ఎ యూనివర్సిటీ. నా పిల్లలెవరూ తప్పలేదు.

ఓరుగల్లు_వాసి: మరి యాపిల్, మేడమ్? "య" హల్లే కదా?

టీచరమ్మ: అలా రాయడం మన అలవాటు. ఇంగ్లీష్‌లో అక్కడ పలికేది అచ్చే.

ఓరుగల్లు_వాసి: మా నాన్న జీవితమంతా "యం.ఎల్.ఏ." అనే రాశారు. ఆయన మీ చిట్కా పాటిస్తే "ఎ ఎమ్మెల్యే" అని తప్పు రాసేవారు. ఇంగ్లీష్ పలుకుబడి ముందే తెలిసినవాళ్లకే పనికొచ్చే చిట్కా ఇది. తెలియకే కదా మేం అడుగుతున్నది!

టీచరమ్మ: రెండు మాటలు పట్టుకుని 22 ఏళ్ల అనుభవాన్ని తీసిపారేయకండి.

డల్లాస్_తెలుగు: కామాను అందరూ వదిలేశారు. ఇక్కడ అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో ఒక డెయిరీ డ్రైవర్లు ఓవర్‌టైమ్ కోసం కోర్టుకెళ్లారు. చట్టంలో ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేని పనుల జాబితాలో "ఆర్" ముందు కామా లేక అర్థం రెండు రకాలుగా వచ్చింది. 2017లో అప్పీల్ కోర్టు డ్రైవర్ల పక్షాన తీర్పిచ్చింది, 2018లో 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

గోదారి_గాలి: మన మెయిల్స్‌లో కామా ఎక్కువవడమే జబ్బు. "బ్యాంకుకు వెళ్లాను, మేనేజర్ లేడు, వచ్చేశాను" అన్నట్టే ఇంగ్లీష్‌లోనూ లాగేస్తాం. అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టాలి, లేదా కామా తర్వాత బట్, సో లాంటి మాట రావాలి.

ఓరుగల్లు_వాసి: ఫోన్‌లో డిక్షనరీ పెట్టుకుని విన్నాను. "ఎమ్" అనే వినిపించింది. మేడమ్ చెప్పిన సూత్రం సరైనదే, కానీ "రాసుకోండి" అనకుండా "వినండి" అనాలి.

పల్నాటి_పిల్లోడు: అయితే "యస్సై"కి యానే కదండీ? రేపటి మెయిల్‌లో ఆ మాటుంది.